హాలు మధ్యలో పట్టుకర్ర

ఇంటి నుంచి

ఏమండీ,

నమస్కారాలు. ఫోనులో మీరేమడిగినా ఊ అనడం తప్ప నా నోట మాట రాదు, కాగితం ముందైతే సిగ్గుండదు, రాయి అని మీరే అన్నారు. అందుకని రాస్తున్నాను. నేను బడికి వెళ్లింది అయిదేళ్లే. తప్పులుంటే మీలో మీరే నవ్వుకోండి. అక్కడి పనివాళ్లకి చదివి వినిపించకండి.

మామ్మగారు పడ్డారు. కంగారు పడకండి. మోచెయ్యి గీసుకుపోయింది, తుంటి కమిలింది, అంతే. డాక్టరు చూసి ఎముకకేమీ కాలేదన్నారు. కానీ సంగతి మీ అన్నయ్యగారికి తెలిసిపోయింది. ఇంకొక్కసారి పడితే తానే వచ్చి, తీసుకెళ్లి, పెద్దవాళ్లని చూసుకునే హాస్టల్లో చేర్పిస్తానన్నారు. బావగారు కోపంతో అనలేదు, భయంతో అన్నారు. అందుకే ఆ మాట ఊరికే పోదనిపించింది. మామ్మగారు పక్కనే ఉండి విన్నారు. ఆ రోజంతా నాతో పలకలేదు. ఆవిడ పలకకపోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేరు.

వెళ్లేముందు మీరు ఇల్లంతా ఆవిడకి తగ్గట్టు మార్చారు కదా. గడపలు తీసేశారు. స్నానాల గదిలో గరుకు బండలు పరిచారు. పాదాలు నేలకి ఆనేలా మంచం కాళ్లు కోశారు. అన్నీ బాగానే ఉన్నాయి. హాల్లో కుడివైపు గోడకి బిగించిన పట్టుకర్ర గురించే చెప్పడానికి భయంగా ఉంది. ఆవిడ దాన్ని పట్టుకున్నప్పుడే పడ్డారు.

పట్టుకోనప్పుడు పడరు. తన గదిలోంచి వంటింటికి హాలు నట్టనడుమ నుంచి వస్తారు. ఎడమచెయ్యి కొంచెం పక్కకి చాచి, వేళ్లు ముడిచి, దేన్నో పట్టుకున్నట్టు. అక్కడేమీ ఉండదు. చూపు సరిగా ఆనని మనిషి, అయినా ఎక్కడా తొట్రుపడరు. మీరు అంత కష్టపడి పెట్టారు, ఇది పట్టుకోండి అని నేనే బతిమాలాను. పట్టుకుని నాలుగడుగులు వేశారో లేదో ఎడమవైపు ఒరిగిపోయారు. ఎవరో చెయ్యి పట్టి కిందికి లాగినట్టు ఒరిగారు.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందట. మిమ్మల్ని ఆ మాట అన్నది మామ్మగారు. నేను కాదు.

ఏం చెయ్యమంటారు?

మీ
ఇంట్లో మనిషి


పని దగ్గర నుంచి

మా వాగుడుకాయకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పెళ్లయినప్పటినుంచి నువ్వు నాతో మాట్లాడినవన్నీ పోగేసినా ఇన్ని మాటలు కావు. ఇక ఫోను అమ్మేసి కాగితాలు కొంటాను.

నాయనమ్మ అన్నది నిజమే. ముందు తాడు, తర్వాతే కర్ర. మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం అది. పెద్దవాళ్లు తిరిగే దారిలో ముందు తాడు కట్టి కొన్నాళ్లు వదిలెయ్యాలి. చెయ్యి ఎక్కడ పడుతుందో తాడే చెబుతుంది. ఇక్కడ ఈ పెద్దవాళ్ల ఆశ్రమంలో ఒక్కో గదికీ అలాగే చేస్తున్నాను. మన ఇంటికి మాత్రం చెయ్యలేదు. నేను పాకడం నేర్చిన హాలు, నాకు తెలియందేముందిలే అనుకున్నాను.

నువ్వు ఆవిడ వెనకాలే నడిచి, ఆ చెయ్యి పోయే దారిలో తాడు కట్టు. గోడ లేకపోతే కుర్చీలకి కట్టు, కిటికీ ఊచలకి కట్టు. దాన్ని చూసి గోడకున్న కర్రని ఎక్కడికి జరపాలో చెబుతాను.

ఇంకో సంగతి. కొత్త కర్ర అబద్ధం చెప్పదు. చెయ్యి పడిన చోట నునుపు తేలి మెరుస్తుంది, పడని చోట మెరవదు. ఇక్కడొక పెద్దాయన నేను పెట్టిన ఎత్తు భేషుగ్గా ఉందని రోజూ మెచ్చుకునేవాడు. ఒకరోజు వంగి చూస్తే కర్ర పైన కాదు, అడుగున మెరుస్తోంది. అంటే ఆయన దాని మీద ఆనడం లేదు, దానికి వేలాడుతున్నాడు. వెంటనే కిందికి దించాను. మనుషులు మొహమాటపడతారు. కర్రకి మొహమాటం లేదు.

గాలిలో పిడికిలి గురించి దిగులు పడకు. వయసు మీద పడ్డ చేతులు ఊరికే ఉండలేవు.

మీ ఆయన


ఇంటి నుంచి

ఏమండీ,

తాడు కట్టాను. మామ్మగారి గది తలుపు గొళ్లెం నుంచి మొదలుపెట్టి, మధ్యలో రెండు కుర్చీల వీపులకి చుట్టి, వంటింటి తలుపు చట్రానికి బిగించాను. గోడకి చాలా దూరంగా, హాలుని రెండుగా కోసినట్టుంది. ఎక్కడా వంకర లేదు. నేను గీతలు గీయగలిగే మనిషిని కానని మీకు తెలుసు. ఆవిడ చెయ్యి పోయిన దారినే కట్టుకుంటూ పోయాను, అది అంత తిన్నగా వచ్చింది.

పాలవాడు గుమ్మంలోంచి చూసి, ఇంట్లో బట్టలారేసుకోవడం మొదలుపెట్టారా అన్నాడు. నేను తల దించుకుంటే మామ్మగారే, అవును, నిన్నూ పిండి ఆరేస్తాం రమ్మన్నారు.

ఆవిడ తాడు పక్కనే నడుస్తున్నారు గానీ దాన్ని పట్టుకోవడం లేదు. చెయ్యి తాడు దాకా వెళుతుంది, కాస్త ఇవతలే ఆగి ముడుచుకుంటుంది. పట్టుకోండి అంటే, దానికేం తొందర అన్నారు.

ఇంకొకటి చెప్పాలి. నిన్న మధ్యాహ్నం మామ్మగారు మంచం మీద పడుకుని ఉన్నారు. ఎండ బాగా కాస్తోంది. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని తాడు వైపు చూస్తున్నాను. ఆవిడ గది వైపు కొసన తాడు కొంచెం కిందికి దిగింది. పిట్ట వాలితే తీగ దిగుతుందే, అలా. మళ్లీ లేచింది. ఆ తర్వాత ఇంకాస్త ఇవతల దిగింది, లేచింది. అలా ఒక్కొక్కచోటే దిగుతూ లేస్తూ నేనున్న వైపు వచ్చింది. కుర్చీ దగ్గర మాత్రం చాలాసేపు దిగే ఉంది. నేను లేచి నిలబడ్డాను. అంతటితో ఆగిపోయింది.

గాలి కావచ్చు. కిటికీలు వేసే ఉన్నాయి, అయినా గాలే కావచ్చు.

మీ
ఇంట్లో మనిషి


పని దగ్గర నుంచి

వాగుడుకాయకి,

దొరికింది. దెయ్యమూ లేదు, భూతమూ లేదు. నువ్వు తాడు కట్టిన చోట ఒకప్పుడు గోడ ఉండేది.

నాన్న ఈ ఇల్లు కొన్నప్పుడు హాలు రెండు గదులుగా ఉండేదట. ఇరుకుగా ఉందని మధ్య గోడ కొట్టించేశారు. అప్పుడు నేను చంకలో పిల్లవాణ్ణి. కావాలంటే హాల్లో పరిచిన చాప ఎత్తి చూడు, బండల మధ్య వేరే రంగు పట్టీ కనిపిస్తుంది. గోడ పునాది మీద అతికిన రాయి అది.

ఇలాంటివి మా పనిలో చాలా చూశాం. కళ్లు మర్చిపోయినా చెయ్యి మర్చిపోదు. పాత ఇంట్లో స్విచ్చి ఉన్న చోట కొత్త ఇంట్లో గోడ తడుముకునేవాళ్లు ఎంతమందో. నాయనమ్మ చెయ్యి ఆ పాత గోడ పట్టుకుని నడుస్తోంది. నీ తాడు ఊగిందంటే కుర్చీ కాలు కదిలి ఉంటుంది. ఆ డొక్కు కుర్చీలకి మేకులు కొడతానని చెప్పి కొట్టందీ నేనే.

తాడు విప్పెయ్యి. గోడ కర్ర మెల్లగా అలవాటు చెయ్యి. పని కాస్త తెమిలాక వస్తాను.

మీ ఆయన


ఇంటి నుంచి

ఏమండీ,

మీ ఉత్తరం చదివి ఎంత తేలికపడ్డానో. చాప ఎత్తి చూస్తే మీరన్న పట్టీ ఉంది, నా తాడు సరిగ్గా దాని పైనే ఉంది. మేస్త్రీలు వాడే తూకపు గుండు వేలాడదీసి చూసినా అంత సరిగ్గా ఉండదు. ఆ సంతోషంలో మామ్మగారి దగ్గరికి పరిగెత్తి, మీ చెయ్యి పాత గోడని మర్చిపోలేదట అని చెప్పాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, ఏ గోడే అన్నారు.

ఏమండీ, మామ్మగారు ఆ గోడని చూడలేదు. మామగారు ఇల్లు కొని, గోడ కొట్టించి, సున్నం వేయించి, ఆ తర్వాతే ఆవిడని తెచ్చుకున్నారట. అంతకుముందు ఆవిడ తన చెల్లెలి దగ్గర ఉండేవారు. ఈ గుమ్మంలో కాలు పెట్టేసరికే హాలు ఇంత పొడుగూ ఇంత వెడల్పూ ఉందట. ఇదేమిటిరా, పెళ్లివారిని దించుతావా అని మామగారిని ఎగతాళి చేశారట కూడా. అంత గుర్తున్న మనిషికి గోడ గుర్తులేకుండా ఉంటుందా?

ఆవిడ ఎన్నడూ తాకని గోడని ఆవిడ చెయ్యి ఎలా గుర్తుపెట్టుకుంటుంది?

తాడు విప్పలేదు. విప్పబోతే మామ్మగారు వద్దన్నారు. కుర్చీ కాళ్లు కదిపి చూశాను. కదలడం లేదు.

పై వారం బావగారు వస్తున్నారు. మామ్మగారు హాల్లో నడిచి చూపించాలట. నడవలేకపోతే వెంటబెట్టుకుని వెళతారట. మామ్మగారు రెండు పూటలా అన్నం సగంలోనే వదిలేస్తున్నారు.

మనకంటే ముందు ఈ ఇంట్లో ఎవరుండేవారు?

మీ
ఇంట్లో మనిషి


పని దగ్గర నుంచి

నీకు,

అన్నయ్యని అడిగాను. ఇల్లు కొనేటప్పటికి వాడికి ఊహ తెలుసు. మొదట చెప్పనన్నాడు. తర్వాత చెప్పాడు. నీకు రాయకూడదనే అనుకున్నాను. కానీ నువ్వు అడిగి ఊరుకునే రకం కావని ఈమధ్యే తెలిసింది.

మనకి ఇల్లు అమ్మినాయన తల్లి ఉండేదట. కళ్లు పూర్తిగా పోయాయి. అయినా ఒక్కర్తే గదికీ వంటింటికీ తిరిగేది, ఆ మధ్య గోడకి అరచెయ్యి ఆనించుకుని. ఆవిడ చెయ్యి ఆనిన మేర సున్నం పోయి నల్లగా, నున్నగా చారలా ఉండేదట. అన్నయ్య దాని మీద వేలు పెట్టి చూశానన్నాడు, గాజులా ఉందట. కొడుకు ఇల్లు అమ్మేసి, తల్లిని తనతో రమ్మన్నాడు. రానంది. ఈ గోడ లేని చోట నేను ఒక్క అడుగు కూడా వెయ్యలేను అందట. చివరికి కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా ఎత్తుకుపోయారు. గోడ అంచు పట్టుకుంటే ఒక్కొక్క వేలే విడిపించారు. అన్నయ్య అది చూశాడు. అక్కడికి వెళ్లాక ఎన్నాళ్లో బతకలేదట.

ఆవిణ్ణి తీసుకెళ్లాకే నాన్న గోడ కొట్టించారు. ఆయనకి ఇవన్నీ తెలుసో లేదో నాకు తెలియదు.

నేను పనివాణ్ణి. కొలతకి రానివాటి గురించి మాట్లాడటం నాకు చేతకాదు. ఒక్కటే చెబుతున్నాను. తాడు విప్పెయ్యి. నాయనమ్మని అన్నయ్య తీసుకెళతానంటే తీసుకెళ్లనీ, అడ్డుపడకు. ఇంటికి తాళం వేసి, నేను వచ్చేదాకా మీ అమ్మ దగ్గరకి వెళ్లు.

మీ ఆయన


ఇంటి నుంచి

ఏమండీ,

మీ మాట వినలేదు. ఇలా రాయడం ఇదే మొదలు.

మీ ఉత్తరం చేత్తో పట్టుకునే మామ్మగారి పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం వేళ. ఆ ముసలావిడని కుర్చీతో ఎత్తుకుపోయిన సంగతి చెప్పి, మీరు పట్టుకుని నడిచేది ఆవిడ గోడనేనా అని అడిగాను. నా చేతిలోని ఉత్తరం తీసి పక్కన పెట్టారు. తర్వాత అన్నారు.

"పట్టుకుని నడుస్తున్నానని ఎవరు చెప్పారే నీకు? ఆవిడే నన్ను పట్టుకుంటుంది. ఆవిడకి కళ్లు బొత్తిగా లేవు. నాకు మసగ్గానైనా ఉన్నాయి."

ఆవిడే చెప్పుకుపోయారు. తాను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఏదో చల్లదనం హాల్లో ఎక్కడో తచ్చాడుతూ ఉండేదట. తనకి చూపు మందగించి, చెయ్యి చాచి నడవడం మొదలయ్యాక ఆ చేతిలోకి వచ్చి పడిందట. ఇప్పుడు రోజూ ఆవిణ్ణి వంటింటి దాకా తీసుకెళ్లి, మళ్లీ తీసుకొస్తారట.

"మీవాడు గోడకి కర్ర పెట్టాడు. బాగానే ఉంది. నేను గోడవైపు పోతే ఆవిడ చెయ్యి వదిలెయ్యాలి. వదిలితే పడుతుంది. పడే మనిషి పక్కనున్నవాళ్లని పట్టుకోకుండా ఉంటుందా?"

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే చిన్న మనవడు మతి పోయిందంటాడు, పెద్ద మనవడు ఆ మాట మీదే బండి ఎక్కిస్తాడు అన్నారు. పేరేమిటని అడిగాను. దారిలో చెయ్యి చాచినవాళ్లని పేరడిగి పట్టుకుంటామా అని నా మీదే విసుక్కున్నారు.

అప్పుడు నాకు ఒకటే తోచింది. ఏమండీ, ఆవిడ పట్టుకునే గోడని తీసేసింది మనం. మామ్మగారికి మీరు ఇంత చేశారు. ఆ ముసలావిడకి ఎవరూ ఏమీ చెయ్యలేదు.

మర్నాడు నేనే కర్రల అడితికి వెళ్లాను. మీ దోస్తు పొట్టి మేస్త్రి అక్కడే ఉన్నాడు. తల దించుకునే చెప్పాను గానీ, చెప్పాల్సిందంతా చెప్పాను. హాలు మధ్యలో, బండల్లో రంగు పట్టీ ఉన్న మేర, స్తంభాలు దింపి పట్టుకర్ర పెట్టాలి అన్నాను. ఆయన వచ్చి చూసి, అమ్మా, ఇది ఇల్లా, టిక్కెట్లు ఇచ్చే చోటా అన్నాడు. ఎంత ఎత్తు పెట్టమంటారని అడిగితే, మామ్మగారు లోపలినుంచే, నాకంటే కాస్త పొడుగు, చూసి పెట్టు అన్నారు. ఎవరు పొడుగని ఆయన అడగలేదు. పని అయ్యాక టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

కర్ర బిగించిన సాయంత్రం మామ్మగారు ఎడమచెయ్యి చాచి, దాని మొదటి స్తంభం దాకా నడిచారు. పిడికిలిని కర్ర మీద పెట్టి, మెల్లగా ఒక్కొక్క వేలే విప్పారు. ఇదిగో, ఇది నీది అన్నారు. తర్వాత రెండు చేతులూ ఖాళీగా గోడ దగ్గరికి వచ్చి మీ పట్టుకర్ర పట్టుకున్నారు. వంటింటి దాకా ఒక్కర్తే వచ్చారు. ఒరగలేదు.

నిన్న బావగారు వచ్చారు. మామ్మగారు గోడ పట్టుకుని నడిచారు, వెనక్కి తిరిగి నడిచారు, ఒక గ్లాసుతో నీళ్లు కూడా తెచ్చి ఇచ్చారు. బావగారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. హాస్టలు మాట ఎత్తలేదు. మధ్య కర్ర ఎందుకని అడిగితే, నీ తమ్ముడి తెలివి అని మామ్మగారు మీ మీదకే తోసేశారు. ఆయన నవ్వి, దాని మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశారు.

"ఇదేమిటి, ఐసు ముక్కలా ఉంది" అన్నారు.

నా వైపు చూశారు. నేను టీ పెడతానని లోపలికి వెళ్లిపోయాను.

మామ్మగారు ఇక్కడే ఉంటారు. మీరు తిట్టాలనుకుంటే తిట్టండి.

మీ
ఇంట్లో మనిషి


పని దగ్గర నుంచి

నీకు,

తిట్టడానికే కూర్చున్నాను. కాగితం ముందు పెట్టుకుంటూ, మళ్లీ తీసేస్తూ ఇన్నాళ్లు గడిపేశాను.

అన్నయ్య ఫోను చేశాడు. నాయనమ్మ నడిచిందని చెప్పి సంతోషపడ్డాడు. ఆ మధ్య కర్ర పీకించెయ్యరా అన్నాడు.

పనివాడిగా ఒక మాట అడుగుతాను. స్తంభాలు బండల్లోకి ఎంత దింపారు? ఊగుతున్నాయా? ఊగితే ఎవరికైనా ప్రమాదమే. కర్రకి నూనె పట్టించారా? పట్టించకపోతే చేతులకి పేళ్లు గుచ్చుకుంటాయి.

నేను చెప్పింది గుర్తుందిగా, కొత్త కర్ర అబద్ధం చెప్పదని. కర్ర పెట్టి నెల గడిచింది. ఆ మధ్య కర్రని నాయనమ్మ పట్టుకోవడం లేదు, నువ్వూ పట్టుకోవడం లేదు. వెలుతురులో వంగి చూడు. పేడు రేగి, దుమ్ము పట్టి, పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటే నా మనసు కుదుటపడుతుంది.

ఇక్కడ పని అయిపోవచ్చింది. వస్తున్నాను.

మీ ఆయన


ఇంటి నుంచి

ఏమండీ,

చూశాను. రాయడానికి రెండు రోజులు ఆగాను. మీరు ఎలా తీసుకుంటారో అని కాదు, సరిగ్గా చూశానో లేదో మళ్లీ మళ్లీ చూసుకుని రాద్దామని.

గోడ కర్ర మామ్మగారి చెయ్యి పడిన చోటల్లా మెరుస్తోంది. ఎత్తు సరిపోయింది. మీకు శభాష్ చెప్పమన్నారు, బల్లి కుడితిలోంచి బయటపడిందట.

మధ్య కర్ర కూడా మెరుస్తోంది.

మామ్మగారి గది వైపు కర్ర పైభాగం మెరుస్తోంది. హాలు సగానికి వచ్చేసరికి మెరుపు పక్కకి జారింది. వంటింటి వైపు అయితే పైన అసలు లేదు, అంతా అడుగునే ఉంది. వేలు పెట్టి చూశాను. ఆ పాత గోడ మీది చార గురించి బావగారు మీతో అన్నట్టే, గాజులా ఉంది.

మీరు రాసిన పెద్దాయన గుర్తొచ్చాడు. ఆవిడ ఆనడం లేదండీ, వేలాడుతున్నారు. బయల్దేరినప్పుడు బాగానే ఉంటారు, సగం దాటాక ఓపిక ఉండదు. మామ్మగారిని అడిగితే, మరి వయసు మీద పడదా, నేనొక్కదాన్నే ముసలిదాన్ని అవుతున్నానా అన్నారు.

అందుకని వచ్చేటప్పుడు కొన్ని సామాన్లు తెండి. వంటింటి వైపు కర్రని కిందికి దించాలి. రెండో స్తంభం దగ్గర కూర్చోవడానికి చిన్న బల్ల ఒకటి కావాలి. తాడు కట్టిన రోజుల్లో కుర్చీ దగ్గర అంతసేపు ఎందుకు ఆగేవారో నాకు అప్పుడు తెలియలేదు. బల్ల అంచులు గుండ్రంగా ఉండాలి, చూపు లేని మనిషి కదా. స్తంభాలు ఊగడం లేదు. నూనె నేనే పట్టించాను, పేళ్లు లేవు.

నాకు భయం లేదా అంటే ఉంది. మధ్యాహ్నం పూట హాలు దాటాల్సి వస్తే మెడ వెనక చల్లగా తగులుతుంది. కానీ మొన్న నీళ్లబిందె ఎత్తుకుని వస్తూ, నాకు తెలియకుండానే పక్కకి తప్పుకుని నిలబడ్డాను. పెద్దవాళ్లు ఎదురొస్తే నిలబడతామే, అలా. అప్పటినుంచి భయం కాస్త తగ్గింది.

మీరు ఎప్పుడొచ్చినా ఆ కర్రనే ముందు చూస్తారని తెలుసు. చూడండి. పనివాడు పని చూసుకోకుండా ఉండలేడు. దాని మీద చెయ్యి వేసేముందు మాత్రం కాస్త ఆగండి. ఆవిణ్ణి దాటిపోనిచ్చి వెయ్యండి.

మీ
వాగుడుకాయ